చీరాల బట్టల బజారులో కార్ల సావిడి

మా గుంటూరు బ్రాడీపేట వీధిలో ఒకాయన పోయిన ఏడాది కారు కొన్నాడు. అది పట్టడానికి ఇంటి ముందరి అరుగులు రెండూ పగలగొట్టించి రేకుల షెడ్డు దింపాడు. మధ్యాహ్నప్పూట ఆ అరుగు మీద మలారం మూట దించుకుని కూర్చునే గాజులామెకు ఇక మా వీధిలో నీడ లేకుండా పోయింది. అప్పటినుంచి కారు షెడ్డన్న మాట వింటేనే నాకు మంట. అందుకే మా పిన్నికొడుకు రామం అన్నయ్య, ఇంజనీరు, "చీరాల పాతబజారులో పది కార్లు పట్టే షెడ్డు కడుతున్నానే. బజారు మొహం చెడలేదు. వచ్చి చూసి తిట్టు," అన్నప్పుడు, తిట్టడానికే బయలుదేరాను.

పొద్దున ఆరింటికి గుంటూరులో బాపట్ల మీదుగా పోయే బస్సెక్కాను. టిక్కెట్టు రెండు రూపాయల లోపే. ఊరు దాటేవరకూ మిరపఘాటుకి బస్సంతా ఒకటే తుమ్ములు. ఒంటరిగా ఎక్కడికని కండక్టరు అడిగితే, షెడ్డు చూడ్డానికన్నాను. "షెడ్డా? మా బస్సుల షెడ్డుంది రండమ్మా, టిక్కెట్టు లేకుండా చూపిస్తా," అన్నాడు. బాపట్లలో బస్సు ఆగినప్పుడు ఇడ్లీ, కాఫీ కానిచ్చాను. వేడిగా, బాగున్నాయి. చీరాలలో దిగి జట్కాకి అర్ధరూపాయి ఇచ్చి బజారు చేరేసరికి తొమ్మిదిన్నర.

చీరల బేరానికి ఎక్కడెక్కడి వ్యాపారులో కార్లలో దిగుతారక్కడ. సందులో కారు అడ్డం పడితే నేత చీరల మూటలు తెచ్చే చేతిబండి కూడా కదలదు. రోడ్డు వెడల్పు చేయడానికి రెండు వైపులా అరుగులన్నీ కొట్టేద్దామన్నారట. అన్నయ్య అడ్డుపడి, కూలిన గిడ్డంగి స్థలంలో ఈ షెడ్డు కట్టాడు. నేను దాని ముందునుంచే నడిచి దాటిపోయాను! "ఒసేయ్, ఎక్కడికే?" అని అన్నయ్య వెనకనుంచి కేకేస్తే తిరిగి చూశాను. పక్క కొట్ల ఎత్తులోనే బెంగుళూరు పెంకు చూరు, పాత గిడ్డంగి టేకు స్తంభాలే మళ్ళీ నిలబెట్టి, అటూ ఇటూ అరుగులు, మధ్యన కారు దూరే వాకిలి. కార్లన్నీ లోపలి చల్లటి నీడలోకి. తిడదామని దాచుకున్న మాటలు నోట్లోనే ఉండిపోయాయి.

లోపలికి వెళ్ళాక మాత్రం నవ్వాగలేదు. వెనకగోడ పొడవునా మోకాలెత్తున గాడి! పశువులకు మేత వేస్తామే, అదే. గ్యారేజీ అంటే ఎవరికీ తెలియక అన్నయ్య అందరికీ, గొడ్లకున్నట్టే "కార్లకి సావిడి" అని చెప్పాడట. ఆయన పనిమీద గుంటూరు వెళ్ళొచ్చేలోగా దావీదు మేస్త్రీ దీన్ని కట్టేశాడు.

"గాడి లేని సావిడి ఎక్కడుందండీ?" అన్నాడు మేస్త్రీ.

"కార్లు గడ్డి తింటాయటయ్యా?" అన్నాడు అన్నయ్య.

"ఏమోనండి. నీళ్ళు తాగుతాయిగా!"

అన్నయ్య కూలీ చేతికి గునపం ఇచ్చి, గోడకి తగలకుండా కొట్టెయ్యమన్నాడు. ఆయన కంగారుకి కారణముంది. ఆ వెనకగోడ ఉమ్మడిది. అవతల మహాలక్ష్మమ్మ గారి చీరల కొట్టు. గోడకి ఏమీ ఆనించి కట్టకూడదనీ, ఒక్క దెబ్బ తగిలినా తను ఒప్పుకోననీ ఆవిడ ముందే చెప్పింది. ఆవిడ కాదంటే షెడ్డు లేదు, బజారులో అరుగులూ ఉండవు.

గునపం ఎత్తేలోగానే ఓ వ్యాపారి కారు లోపలికి దూసుకొచ్చింది. ఎండలోంచి ఒక్కసారిగా నీడలోకి వచ్చి డ్రైవరు కంటికి గోడ ఆనలేదు. ధడేల్‌మంది. బంపరు గాడికి కొట్టుకుని ఆగింది. గాడి అంచున పెచ్చు ఊడింది. గోడ ఇంకా మూరెడు దూరంలో ఉంది.

క్షణంలో మహాలక్ష్మమ్మ గారు ఊడిపడింది. "ఏరా అబ్బాయ్, నా గోడ గుద్దారా?"

"లేదు అత్తయ్యగారూ," అన్నాడు అన్నయ్య.

"చప్పుడైంది. నా బీరువాలో చీర మడత కూడా కదల్లేదు. మరేది ఆపింది?"

"గాడండీ!" మేస్త్రీ గొంతు బజారంతా వినబడింది.

ఆవిడ గాడిని ఈ చివరనుంచి ఆ చివరిదాకా చూసింది. బయటికి వెళ్ళి, జట్కావాడి మోపులోంచి పచ్చగడ్డి పిడికెడు లాక్కొచ్చి గాడిలో వేసింది. "తొలిరోజు ఖాళీ గాడి ఉంచకూడదు. తినకపోతే మాత్రం నన్నడక్కండి."

"ఆ గునపం అవతల పారెయ్," అన్నాడు అన్నయ్య.

తిరుగు బస్సులో మా వీధి గుర్తొచ్చింది. అక్కడ షెడ్డు అనుకున్నారు, రేకులొచ్చాయి. ఇక్కడ సావిడి అనుకున్నారు, చూరూ అరుగూ గాడీ కూడా వచ్చాయి. నేను బయలుదేరేటప్పటికే ఆ కొత్త అరుగు మీద ఎవరో గాజులామె, ఎవరినీ అడక్కుండా, మలారం దించుకుని కూర్చుంది.

మీరు వెళితే పొద్దున పదిలోపే వెళ్ళండి, ఆ తరవాత బజారు కిటకిట. గ్యారేజీ ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. కార్ల సావిడి అనండి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు.