నల్ల జెర్సీల మీద మొక్కు

కెనడాలోని గ్వెల్ఫ్‌లో కాలేజీ ఫుట్‌బాల్ కుర్రాళ్ళందరికీ ఆంజనేయప్రసాద్ గారు ‘అంకుల్’. పదకొండేళ్ళుగా స్టేడియం మెట్ల కింది గదిలో వాళ్ళ జెర్సీలు ఉతికి, ఆరబెట్టి, నంబర్ల వారీగా తగిలించేది ఆయనే. పైన మ్యాచ్ జరుగుతుంటే ఆయనకు తెలిసేది నెత్తిమీద అరుపులూ, తర్వాత వచ్చే బురదా. ఇక్కడి ఫుట్‌బాల్ అంటే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తడమని తెలియడానికే రెండేళ్ళు పట్టింది. తెలిశాక మాత్రం కోచ్‌కి కూడా సలహాలిచ్చేవారు.

ఈ సీజన్‌తో ఆయన రిటైర్మెంటు. కెప్టెన్ కానర్ ఒక మాటిచ్చాడు: ప్లేఆఫ్ మ్యాచ్ గనక మన ఊళ్ళో పడితే, జెండా పట్టుకుని జట్టుకు ముందు అంకులే మైదానంలోకి నడవాలి. అది విన్న రోజు నుంచీ ఆయన కాలు నేల మీద నిలవలేదు. ఇంట్లో హాల్లోంచి వంటింటి దాకా చీపురు ఎత్తి పట్టుకుని నడిచి చూసుకున్నారు. భార్య చంద్రకళ చూసీ చూడనట్టు ఊరుకుంది.

అంతా బాగానే ఉండేది, ఆ మొక్కు లేకపోతే.

పక్క ఊరి జట్టుది నల్ల జెర్సీ. వాళ్ళంటే ఆయనకు ఒళ్ళు మంట. ఓడించినందుకు కాదు లెండి. ఆరేళ్ళ కిందట గెలిచిన ఊపులో, ఈయన మడతపెట్టిన తెల్ల టవళ్ళతో బూట్లు తుడుచుకుని పోయారు. నలభై టవళ్ళు. మనిషన్నవాడు మర్చిపోతాడా? ఈ సెప్టెంబర్‌లో వాళ్ళు మళ్ళీ గెలిచేసరికి, తెలుగువాళ్ళ చవితి పూజలో అందరూ కెనడాలో స్థిరపడే పీఆర్ రావాలని మొక్కుకుంటుంటే ఈయన, “స్వామీ, నల్ల జెర్సీలు ఇక ఈ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవకూడదు. నూటెనిమిది కొబ్బరికాయలు కొడతా” అనేశారు.

స్వామి అంత చురుగ్గా ఏనాడూ పనిచేయలేదు. నల్ల జెర్సీలు వరసపెట్టి ఓడారు. వాళ్ళలో బంతి విసిరే కుర్రాడికి మోకాలు కూడా బెణికింది. ఆంజనేయప్రసాద్ గారు కాస్త సిగ్గుపడి, ఎక్కువ సంతోషించారు.

అక్టోబర్ చివర్లో కానర్ పాయింట్ల పట్టిక చూపించాడు. మన మ్యాచ్‌లన్నీ అయిపోయాయి. శనివారం నల్ల జెర్సీలు మూడో జట్టును ఓడిస్తేనే మనకు ప్లేఆఫ్, అదీ సొంత ఊళ్ళో. వాళ్ళు ఓడితే ఆ మూడో జట్టు ముందుకెళ్తుంది, మనం ఇంటికి.

ఆయన తిన్నగా ఇంటికొచ్చి భార్యను అడిగారు.

“మొక్కు వెనక్కి తీసుకోవచ్చంటావా?”

“అదేమన్నా అప్లికేషనా, విత్‌డ్రా చేసుకోడానికి? మొక్కేముందు నన్నడిగారా?” అంది చంద్రకళ.

“పోనీ, వాళ్ళు గెలిస్తే రెండొందల పదహారు కొడతానంటే?”

“ఆయన్ని కూడా కన్ఫ్యూజ్ చెయ్యకండి.”

అయినా మొక్కారు. శనివారం నల్ల స్వెట్టర్ వేసుకుని, వాషింగ్ మెషీన్ల మధ్య ఫోన్ పెట్టుకు కూచున్నారు. జన్మలో మొదటిసారి నల్ల జెర్సీల కోసం గొంతు పోయేలా అరిచారు. ఆఖరి నిమిషానికి స్కోరు సమానం. మూడో జట్టు గోల్‌కి తన్నింది. బంతి గురి తప్పి పక్కనుంచి పోయింది. ఆయన ఎగిరి గంతేశారు. ఆ ఊపులో ఒక సంగతి మర్చిపోయారు: కెనడాలో అలా తప్పిన బంతి మైదానం చివర దాటిపోతే, తన్నినవాళ్ళకు ఒక పాయింటు ఇస్తారు. ఆ ఒక్క పాయింటుతో నల్ల జెర్సీలు ఓడిపోయారు.

మొక్కు మొక్కే. ఆదివారం పొద్దున్నే కాయల బస్తాలతో స్టేడియం వెనక సిమెంటు మెట్టు దగ్గర చేరారు. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, లోపల ఏడుపొస్తోంది. లాకర్లు ఖాళీ చేయడానికొచ్చిన కుర్రాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, కొబ్బరి ముక్కలు నములుతూ నిలబడ్డారు. జెండా సంగతి ఎవరూ ఎత్తలేదు.

“ఇవన్నీ మా కోసం మొక్కుకున్నవా అంకుల్?” అన్నాడు కానర్ ఇంగ్లీషులో.

ఆయన తలూపారు. వాడు ఆయన్ని గట్టిగా వాటేసుకున్నాడు.

“పాపం, మీ దేవుడు ఈసారి వినలేదు.”

“విన్నాడయ్యా,” అన్నారాయన తెలుగులో, నూటెనిమిదో కాయ అందుకుంటూ.