ఉత్తరంలో నేను కలిపిన వాక్యం

నా చిన్నప్పుడు మండవల్లిలో మా పెదనాన్న గదిలోకి పిల్లలెవరూ వెళ్ళకూడదు. ఏలూరులో కాలేజీ ఉద్యోగం మానేశాక ఆయన, తొలినాటి క్రైస్తవులు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాల మీద పనిచేస్తుండేవారు. ఎక్కడినుంచో అరువు తెప్పించుకున్న ఫొటోల్లో చిరిగిపోయిన పాత గ్రీకు ప్రతిని భూతద్దంతో చూసి, ఒక్కొక్క వాక్యమే తెలుగులో రాసుకునేవారు. అసలు ప్రతిలో అక్షరాలు పోయినచోట తన కాగితం మీద కూడా ఖాళీ వదిలేవారు. ఫొటోలు తిరిగి పంపేశాక ఆయనకు మిగిలినవి ఆ తెలుగు కాగితాలే.

వాటిలో ఒకటి చదవాలని నేను దొంగతనంగా కొల్లేటి గట్టుకు తీసుకుపోయాను. గాలికి ఎగిరి నీళ్ళలో పడింది. బయటికి తీసేసరికి సిరా అంతా కరిగి నీలం మరకే మిగిలింది. ఇంటికొచ్చి, గుర్తున్న నాలుగు ముక్కలకు నా మాటలు కలిపి, ఆయన చేతిరాతలాగే గుండ్రంగా ఒక కాగితం నింపి కట్టలో దూర్చేశాను.

కట్ట అచ్చుకు వెళ్ళే ముందురోజు ఉదయం పెదనాన్న వసారాలో కూర్చుని అంతా పైకి చదువుతున్నారు. పెద్దమ్మ పక్కనే చేపలు తోముతోంది. నేను తలుపు వెనక నిలబడి, ఆయన తిప్పే కాగితాలు లెక్కపెడుతున్నాను.

“సహోదరులు తాటిదోనె మీద ఒడ్డుకు చేరారు...” అని చదివి ఆయన ఆగిపోయారు.

“ఏవండీ, అక్కడా మన కొల్లేరేనేంటండీ?” అంది పెద్దమ్మ నవ్వుతూ.

“తాటిమాను తొలిచి దోనె చేసేది మన లంకలవాళ్ళే. ఇది రాసినవాడు ఈ ఇంట్లోనే ఉన్నాడు. రా బాబూ, ఇలా రా.”

ఆయన కొట్టలేదు. అందుకే ఇంకా భయం వేసింది. జరిగింది చెప్పాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఎర్ర పెన్సిల్ చేతికిచ్చారు.

“ఇందులో నీది కొట్టెయ్. గుర్తులేనిచోట ఖాళీ వదిలెయ్, తప్పులేదు. పూర్వం ప్రతులు రాసినవాళ్ళూ నీలాగే భయపడి, పోయినచోట సొంత మాటలు పెట్టేశారు. అవి ఏరడానికేరా నా కళ్ళద్దాలు ఇంత మందమయ్యాయి.”

కొట్టేస్తూ వచ్చాను. దోనె పోయింది, ఒడ్డు పోయింది. ఒక్క వాక్యం దగ్గర చెయ్యి ఆగింది: ‘తప్పుచేసి భయపడుతున్నవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టకండి.’ అది నాదే. ఆ రోజు నాకోసం నేను రాసుకున్నది.

“ఇది అసలు కాగితంలో ఉందా?” అన్నారు పెదనాన్న.

“ఉందండి.”

“నిజంగా గుర్తుందా?”

“గుర్తుందండి.”

ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, కాగితం కట్టలో పెట్టేశారు.

పుస్తకం అచ్చయింది. పెదనాన్న ఆ తరవాత చాలా ఏళ్ళు బతికారు. చెప్పడానికి ఎన్నో ఉదయాలు దొరికాయి. నేను చెప్పలేదు. ఆయన పోయాక, తాడేపల్లిగూడెంలో ఒక సభలో ఉపదేశకుడు ఆ వాక్యాన్నే తొలినాటి భక్తుల మాటగా చదివి వినిపించాడు. నా పక్కనున్నాయన కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడూ లేచి నిజం చెప్పలేకపోయాను.

ఇప్పుడు ఎవరేమడిగినా, తెలియకపోతే తెలియదనే అంటున్నాను. వినయమనుకుంటారు. కాదు, భయం. చెప్పవలసింది ఇన్నేళ్ళకు ఇక్కడ రాస్తున్నాను. ఆ వాక్యం ఆ ఉత్తరంలో లేదు. అక్కడ ఖాళీ ఉండాలి.