నచ్చిందని చెప్పకూడని గిటారు

మా అమ్మ నాకు నేర్పిన విద్యల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది, దుకాణంలో ఏదైనా నచ్చితే దాని వైపు చూడకపోవడం. చిన్నప్పుడు ఆదివారం పూట అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలకు తీసుకెళ్లేది. నాకు కావలసిన బొమ్మల పుస్తకం మీద నా కళ్లు పడగానే తల పట్టుకుని అవతలికి తిప్పేది. పక్కనున్న చెదలు తిన్న పుస్తకమేదో ఎత్తి, ధర అడిగి, మొహం మాడ్చుకుని, చివరికి దయ తలచినట్టు నా పుస్తకాన్ని వేలితో చూపించి "పోనీ, గీ చెత్త ఎంతకిస్తవ్?" అనేది. చీరల దుకాణంలో అయితే ఇంకా ఘోరం. తన ప్రాణం లాగేసిన చీరనే చేత్తో నలిపి, రంగు దిగుతుందని, దిష్టిబొమ్మకు కూడా కట్టరని అనేది.

ఈ విద్య దుకాణాలతో ఆగిపోతే బాగుండేది. మా ఇళ్లల్లో ఏది బాగున్నా బాగుందని అనరు. "ఫర్వాలేదు" అంటారు. పప్పుచారు ఫర్వాలేదు, క్లాసులో ఫస్టు రావడం ఫర్వాలేదు, అప్పు చేసి కట్టుకున్న కొత్త ఇల్లు ఫర్వాలేదు. బాగుందని నోరు జారితే ఎవరో వెంటనే ధర పెంచేస్తారని భయం. పప్పుచారుకు ధర పెంచేది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

నన్ను చేసుకున్నవాళ్లు మాకంటే ముదుర్లు. పెళ్లిచూపులనాడు మా అత్తగారు నన్ను సరిగ్గా మా అమ్మ చీరను చూసినట్టే చూసింది. పెళ్లికొడుకు పంటినొప్పి ఉన్నవాడిలా కూర్చుని మిక్చర్ ప్లేటులోంచి పల్లీలు ఏరుకుని తిన్నాడు. "ఇంటికి పోయి కబురు చేస్తం" అని లేచి వెళ్లిపోయారు. మా నాన్నకు ఆ విద్య సరిగ్గా పట్టుబడలేదు. కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగి, ఇక ఆగలేక వెనకాలే పరిగెత్తాడు. అదృష్టం బాగుండి వాళ్లింకా సందు మలుపులోనే ఉన్నారట. వెనక్కి పిలుచుకొచ్చి, మళ్లీ చాయ్‌లు పోయించి, సంబంధం ఖాయం చేశాడు. ఇన్నేళ్లుగా ఆ పంటినొప్పి మనిషితోనే కాపురం చేస్తున్నాను. నేను నచ్చానని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఏమంటాడో తెలుసు.

ఇక గిటారు సంగతి. కోఠిలో కాలేజీకి వెళ్లే రోజుల్లో అబిడ్స్ దాకా నడిచి వచ్చి బస్సెక్కేదాన్ని. బస్టాపు వెనక ఒక వాయిద్యాల దుకాణం ఉండేది. దాని అద్దంలో ఎర్రటి ఎలక్ట్రిక్ గిటారు వేలాడేది. దాన్ని అమ్మ నేర్పిన పద్ధతిలోనే చూసేదాన్ని, అంటే పక్కనున్న తబలాను చూస్తూ. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ గిటారు ఎవరో కొనుక్కుపోయారు. నేను బి.ఎడ్. చేసి సోషల్ టీచరునయ్యాను.

మొన్న ఎండాకాలం సెలవుల్లో నాంపల్లిలో ఒక సందులో నడుస్తుంటే, పాత వాయిద్యాల కొట్టులో మళ్లీ అలాంటిదే కనిపించింది. అదే ఎరుపు. మోచేయి రాసుకునే చోట రంగు లేచిపోయి చెక్క బయటపడింది. ఒక నాబ్ ఊడిపోతే పాత రేడియోది తెచ్చి బిగించారు. కొట్టు పెద్దమనిషి, నెరిసిన జుట్టుకు గోరింటాకు పెట్టి ఎర్రగా చేసుకున్నాయన, నేను అడగకుండానే దానికి వైరు తగిలించి, స్పీకరు డబ్బాకు కలిపి, లావు తీగను ఒక్కసారి మీటాడు. ఆ చప్పుడు నాకు చెవిలో కాదు, కడుపులో వినిపించింది. నాకది కావాలి. యాభైకి దగ్గరపడిన సోషల్ టీచరుకు గిటారెందుకని మా స్టాఫ్ రూములో తర్వాత చాలామంది అడిగారు. వాళ్లు కొనుక్కున్న ట్రెడ్‌మిల్ల మీద బట్టలు ఎందుకు ఆరేస్తున్నారో నేను అడగలేదు.

అక్కడికక్కడే కొనేస్తే సరిపోయేది. బేరానికి మా ఆయన్ని తీసుకెళ్లాను.

గిటారు అనగానే "గీ వయసుల గిదేం పిచ్చి?" అన్నాడు. పాతది, బేరమాడొచ్చు అనగానే చొక్కా మార్చుకున్నాడు. వస్తువేదైనా ఆయనకొకటే, బేరం ఉంటే చాలు. ఆటోలో పోతూ నాకు పాఠం చెప్పాడు. "నువ్వేం మాట్లాడకు. జర మొహం గూడ అటు తిప్పుకో. నీ మొహం చూస్తె ఎవడైన రేటు పెంచుతడు."

కొట్టులోకి అడుగు పెడుతూనే మొదలుపెట్టాడు. "మావోని కోసమన్నా. పోరగాడు పది దినాలు గోకి మూలకు పడేస్తడు. గందుకే పాతది చాలన్న."

మాకు కొడుకే లేడు. ఉన్నది ఒక్క కూతురు, దానికి సంగీతమంటే తలనొప్పి.

లేని కొడుకు కోసం ఆ గిటారును పుచ్చకాయను కొట్టి చూసినట్టు వేళ్లతో కొట్టి చూశాడు. "లోపల బోలుగ లేదేంది? చప్పుడెట్ల వస్తది?" ఇలాంటి గిటారు లోపల బోలుగా ఉండదని, కరెంటు పెట్టేది అందుకేనని పెద్దమనిషి చెప్పాడు. మా ఆయన అది విననట్టే ఉండి, మంచంకోడు చూసినట్టు ఒక కన్ను మూసి దాని మెడ వంకర చూశాడు. చెక్కకు పురుగు పట్టిందన్నాడు. రేడియో నాబ్ చూపించి "దీంట్ల వార్తలు గూడ వస్తయా?" అన్నాడు. రంగు లేచిపోయిన చోట చెయ్యి పెట్టి, "ఎవడో వాయించరానోడు గీకి గీకి దీన్ని ఆగం జేసిండు. పొయ్యిల పెట్టినా సక్కగ మండదిది" అన్నాడు. పెద్దమనిషి చెప్పిన ధరలో సగానికి అడిగాడు.

పెద్దమనిషి మాట్లాడడం మానేశాడు. మెత్తబడుతున్నాడనుకుని మా ఆయన నాకు కన్ను గీటాడు. నాకు మాత్రం ఆ మౌనం నచ్చలేదు.

"పా, కోఠికి పోదం. గాడ మస్తు దొరుకుతయి" అని బయటికి నడిచాడు.

ఇక్కడ మా ఆయన కళ గురించి కొంచెం చెప్పాలి. బేరం మధ్యలో లేచి వచ్చేయడం అందరికీ తెలుసు. లేచి వచ్చాక ఎంత నెమ్మదిగా పోవాలన్నదే అసలు విద్య. మా ఆయన నాలుగడుగులు వేసి, వంగి చెప్పు సరిచేసుకుంటాడు. ఆయనవి మామూలు రబ్బరు స్లిప్పర్లు, సరిచేసుకోవడానికి వాటిలో ఏమీ లేదు. వెనక్కి పిలవడానికి దుకాణదారుకు అది గడువన్నమాట. చాలామంది పిలుస్తారు. ఆ రోజు ఆయన చాలాసేపు వంగాడు. లోపలి నుంచి పిలుపు రాలేదు. రెండో చెప్పు కూడా సరిచేసుకున్నాడు. అయినా పిలవలేదు.

"జరసేపు ఆగితే దారికొస్తడు" అని నన్ను మొజంజాహీ మార్కెట్‌కు తీసుకెళ్లి ఐస్‌క్రీమ్ ఇప్పించాడు. మామిడిపండు ఐస్‌క్రీమ్ అది, మామూలుగా అయితే కప్పు గీకి మరీ తింటాను. ఆ రోజు కప్పులోనే కరిగిపోయింది. రోడ్డు మీద ఎవరి చేతిలో పొడుగాటి సంచి కనిపించినా నా గిటారే పోతోందనిపించింది. ఒకాయన భుజం మీద చుట్టిన చాప మోసుకెళ్తుంటే లేచి నిలబడ్డాను. ఎదురుగా మా ఆయన హాయిగా చెంచా నాకుతున్నాడు. ఆ చెంచా లాక్కుని విసిరి కొట్టాలనిపించింది.

తిరిగి వెళ్లేసరికి గిటారు మేకుకు లేదు. చూస్తే సంచిలో పెట్టి అటక మీదికి ఎక్కించారు.

"అమ్మేది లేదు సాబ్" అన్నాడు పెద్దమనిషి. "గంత చెడ్డ మాలు అన్నరు గదా. చెడ్డదాన్ని మీ కొడుక్కెందుకు అంటగడ్త?"

మా ఆయన నవ్వి, తను చెప్పిన ధర కొంచెం పెంచాడు. ఇంకొంచెం పెంచాడు. ఆయన జీవితంలో తన ధర తనే పెంచుకోవడం నేను చూసింది అప్పుడే.

"పైసల ముచ్చట కాదు సాబ్. ఆ వాయించరానోణ్ణి నేనే. పెండ్లిళ్లల్ల దాంతోటే వాయించిన, నా మోచేతికే ఆ రంగు పోయింది. దాన్ని ఒక్క మంచి మాట అనున్రి. కిందికి దింపుత."

మా ఆయన నోరు తెరిచాడు. అటక వైపు చూశాడు, నా వైపు చూశాడు. మెడ నరాలు పొంగాయి. చివరికి బయటికొచ్చిన మాట "ఫర్వాలేదు". పెద్దమనిషి అటు తిరిగి హార్మోనియం తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

నాకు నలుగురిలో కొంగు జారినంత సిగ్గేసింది. అమ్మ చెయ్యి నా తలను అవతలికి తిప్పుతున్నట్టే ఉంది. అయినా అన్నాను. "నాకు నచ్చింది. శాన నచ్చింది. కొడుకు గిడుకు ఎవడూ లేడు. నాకే కావాలె."

పెద్దమనిషి స్టూలెక్కి గిటారు దింపాడు. ముందు చెప్పిన ధరలో ఒక్క రూపాయి తగ్గించలేదు. మా ఆయన గొణిగితే, "నచ్చినంక బేరమెందుకు సాబ్?" అన్నాడు.

ఆ తర్వాత ఒకసారి తీగల కోసం ఆ కొట్టుకే వెళ్లాను. ఆయన ఇంకెవరికో నీలం గిటారు చూపిస్తూ, పెళ్లిళ్లలో తాను వాయించింది దాంతోనే అని చెబుతున్నాడు. నాకేం కోపం రాలేదు. మా వంశంలో ఒక మనిషి చేత నచ్చిందనిపించడానికి ఆ మాత్రం అబద్ధం కావలసిందే.

గిటారు కొన్న రోజు తిరుగు ఆటోలో దాన్ని ఇద్దరి ఒళ్లోనూ అడ్డంగా పెట్టుకున్నాం. మా ఆయన రోడ్డు వైపు తిరిగి, "ఒక్క మాటతోని మొత్తం ఆగం జేసినవ్" అని అబిడ్స్ దాటేదాకా సణిగాడు. నాకు విసుగొచ్చింది.

"నన్ను చూసిననాడు గూడ గిట్లనే మొహం మాడ్చుకుని లేచి బయటికి పోయిన్రు గదా" అన్నాను. "మా నాయన ఉరికిరాకపోతె ఏమైతుండె? పోయేటోళ్లే గదా!"

సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది.

"యాడికి పోతం?" అన్నాడు, ఇంకా అటే చూస్తూ. "సందు మలుపుల చెప్పు సరిచేసుకుంటనే ఉన్న. అమ్మ తిడ్తనే ఉన్నది. రెండో చెప్పు గూడ అయిపోయింది. ఇగ మొదటిది మళ్ల షురూ చేసిన, గప్పుడొచ్చిండు మీ నాయన."

నాకు ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండింది. ఇన్నేళ్లు ఈ ముక్క కడుపులో పెట్టుకుని తిరిగాడు, చెబితే నేనేదో ధర పెంచేస్తానన్నట్టు. ఎన్ని రోజులు ఈ ఒక్క మాటతో గడిచిపోయేవో ఆయనకు తెలియదు.

"అంటె నేను నచ్చిన్నా?" అని అడిగాను.

"ఫర్వాలేదు" అన్నాడు.

ఒళ్లో ఉన్న గిటారు మెడ ఆయన వైపే ఉంది. దాంతో డొక్కలో ఒక్క పోటు పొడిచాను.

"నచ్చినవ్" అన్నాడు.