అత్తయ్య పొట్టి స్కీలు

గుంటూరు బ్రాడీపేటలో చెప్పుల షాపుల వాళ్లు ఈమధ్య మనిషి పాదం కేసి చూడటం మానేశారు. మొన్న ఎనిమిదో నెంబరు అడిగితే తొమ్మిది తెచ్చి, "రేటొకటే కదండీ, పెద్దది తీసుకోండి" అన్నాడొకాయన. తీసుకున్నాను. మా పర్చూరు వైపు రేటొకటే అయినప్పుడు చిన్నది తీసుకోవడం తెలివితక్కువతనం కిందే లెక్క. ఇంటర్ అయ్యేదాకా నా చొక్కాలన్నీ మరుసటి ఏడాది నాకోసం కుట్టించినవే. ఈ పద్ధతిని ధిక్కరించిన మనిషిని మా వంశంలో ఒక్కరినే చూశాను, మా మేనత్తని.

ఆవిడ అప్పట్లో గుంటూరులో ఒక ఆడపిల్లల కాలేజీలో ఆటల టీచరు. ఎత్తు ఐదడుగులకి కాస్త తక్కువ, వయసు యాభైకి కాస్త తక్కువ. రెండు వేల మూడో, నాలుగో, సరిగ్గా గుర్తులేదు. హిమాచల్‌లో స్కీయింగ్, అంటే కాళ్లకి పొడుగాటి చెక్కలు కట్టుకుని మంచు మీద జారడం, పది రోజులు నేర్పుతారని కాలేజీకి కాగితం వచ్చింది. అందులో పాసైన టీచరు మరుసటి ఏడాది తన పిల్లల్ని తీసుకెళ్లొచ్చు. కాగితం నోటీసుబోర్డు ఎక్కకముందే పన్నెండుమంది పిల్లలు పేర్లిచ్చేశారు. అత్తయ్య సర్టిఫికెట్ తెస్తే తప్ప ఒక్క పిల్లని కూడా గేటు దాటనివ్వనన్నారు ప్రిన్సిపాల్ గారు.

కళ్లంలో మిరపకాయలు తిరగేస్తూ ఈ సంగతంతా విన్నాడు మా నాన్న. "మంచు చూసి, ఫోటో దిగి వచ్చెయ్యవే. ఈ వయసులో కాలు విరగ్గొట్టుకుంటే ఎవరు చేస్తారు నీకు?"

"కాలు నాది అన్నయ్యా," అంది అత్తయ్య.

తోడుగా నన్ను పంపారు. వెళ్లినవాణ్ని ఊరికే కూర్చోవడం దేనికని నేనూ శిక్షణలో చేరాను. ఆటల్లో నాకు పడిపోవడం వరకూ మంచి అనుభవముంది.

స్కీలు అద్దెకిచ్చే గదిలో పొడుగువి నా తల దాటి జానెడున్నాయి, పొట్టివి అత్తయ్య గడ్డం దాకా వచ్చాయి. అద్దె ఒకటే. మనవైపు నుంచి వెళ్లిన తొమ్మిదిమందిలో ఎనిమిదిమందిమి మారుమాట్లాడకుండా పొడుగువి పట్టుకున్నాం. అత్తయ్య రెండు రకాలూ భుజానికెత్తి చూసి, పొట్టివి తీసుకుంది.

"ఏంటి మేడమ్, ఎల్కేజీ సెక్షనా?" అన్నాడు ఒంగోలు నుంచి వచ్చిన డ్రిల్లు మాస్టారు.

"మీకు ఎగరాలనుంది, ఎగరండి. నాకు నిలబడాలనుంది."

"అత్తయ్యా, అద్దె ఒకటే," అని చెవిలో చెప్పాను, ఆవిడకి తెలియదేమోనని.

"కాళ్లు కూడా ఒకటేనేంట్రా?"

తర్వాత తెలిసింది. పొడుగు స్కీ పత్తి లోడు లారీ లాంటిది. తిన్నగా ఉన్నంతసేపూ దర్జాగా పోతుంది, తిప్పబోతే మన మాట వినదు. పొట్టిది సందుల్లో ఆటో. వేగం తక్కువ, గౌరవమూ తక్కువే, కానీ చెప్పినచోట తిరుగుతుంది. రాత్రిళ్లు డ్రిల్లు మాస్టారు మోకాళ్లకి జండూబామ్ రాసుకుంటుంటే అత్తయ్య హాయిగా గుర్రుపెట్టేది.

ఆఖరి రోజు పరీక్ష. వాలు మీద ఐదు జెండాలు పాతారు. వాటి చుట్టూ తిరుగుతూ, పడకుండా, కింద తాడు దాకా రావాలి. పడితే సర్టిఫికెట్ లేదు. అత్తయ్య మోకాళ్లు వంచి, పీట మీద కూర్చోబోతున్న మనిషిలా బయల్దేరింది. మూడో జెండా దగ్గర ఒక స్కీ పక్కకి జారిపోయింది. ఆ క్షణంలో నాకు ఆవిడ కాలు గుర్తు రాలేదు, ఆ పన్నెండుమంది గుర్తొచ్చారు. ఆవిడ చేతులు రెండూ చాచి, నడుం తిప్పి, కాలు వెనక్కి లాక్కుంది. నాలుగు. ఐదు. తాడు దగ్గర నిలబడి చీర కుచ్చిళ్లు సర్దుకోబోయి, ఒంటిమీదున్నది ప్యాంటని గుర్తొచ్చి ఆగిపోయింది. ఇన్నేళ్లలో నా జ్ఞాపకాలు చాలావరకు పరుగెత్తి వెళ్లిపోయాయి గానీ, ఆవిడ దిగిరావడం మాత్రం ఇప్పటికీ అంతే నెమ్మదిగా జరుగుతుంటుంది.

ఆవిడ తర్వాత నా వంతు. మొదటి జెండాని తిన్నగా దాటేశాను.

ఇంటికొచ్చాక అత్తయ్య సర్టిఫికెట్ నాన్న చేతికిచ్చింది. ఆయన దాన్ని పక్కన పెట్టి, ఆవిడ స్కీలతో దిగిన ఫోటో అందుకుని చాలాసేపు చూశాడు.

"అంత దూరం పోయి ఈ పొట్టివేంటే? పొడుగువి దొరకలేదా?"

"అవి నీ కొడుకు తీసుకున్నాడు అన్నయ్యా. అవి కిందకొచ్చాయి, వీడు రాలేదు."