మేరీ ఆంటీని ఏడిపించబోయి

నా పరిశోధనను నేనే ముంచుకున్న కథ ఇది. ముంచడంలో అమెరికాలోని మా నేపర్‌విల్ తెలుగు చర్చి ఆడవాళ్ళందరూ తలో చెయ్యి వేశారు.

దిగులు, డిప్రెషన్ మనుషుల నిర్ణయాలను ఎలా మారుస్తాయన్నది నా పని. దిగులుగా ఉన్నవాళ్ళు రేపటి పెద్ద లాభం కోసం ఆగలేరని నా అనుమానం. సోమవారానికి తొలి ఫలితాలు చూపించకపోతే ప్రాజెక్టు ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు మా ప్రొఫెసర్. ప్రయోగానికి మనుషులు దొరక్క, ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చి ఆడవాళ్ళనే బతిమాలాను. ఒక్కొక్కరినీ సండేస్కూల్ గదిలో కూర్చోబెట్టి ఏడుపొచ్చే వీడియో చూపించాలి. ఓదార్చకుండా, ఇవాళే చిన్న చాక్లెట్ డబ్బా కావాలా, నెల ఆగి పెద్ద బుట్ట తీసుకుంటారా అని అడగాలి. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి.

మొదట వచ్చింది మేరీ ఆంటీ. ఆవిడ హాస్పిటల్‌లో నర్సు, స్త్రీల ప్రార్థన కూటానికి పెద్ద. వీడియోలో ఓ ముసలాయన పుట్టినరోజున ఒంటరిగా భోంచేస్తున్నాడు.

"ఈయనది ఏ ఊరమ్మా? సాటర్డే క్యారేజీ పంపిస్తా," అంది ఆంటీ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

"ఆయన యాక్టర్, ఆంటీ."

"యాక్టరైతే మాత్రం అన్నం తినడా?" అని భోరుమంది.

ఆ ఏడుపు విని, బయట తమ వంతు కోసం కూర్చున్నవాళ్ళంతా లోపలికి వచ్చేశారు.

"ఓదార్చకండి, ప్లీజ్. ఎక్స్‌పెరిమెంట్ పాడవుతుంది," అన్నాను.

"ఏడ్చే మనిషిని వదిలేసి ఎక్స్‌పెరిమెంట్ ఏంటమ్మా?" అంటూ అందరూ ఆంటీ తలమీద చేతులుంచి ప్రార్థన చేశారు. తర్వాత వీడియో కలిసి చూసి, ముసలాయన కోసం కూడా చేశారు. ఓ పాట పాడారు. సమోసాలొచ్చాయి.

"ఇప్పుడు చెప్పండాంటీ, ఇవాళ డబ్బానా, నెల ఆగుతారా?"

"నెలేంటి, ఏడాదైనా ఆగుతా. మనసు తేలికైపోయింది."

మిగతావాళ్ళదీ అదే మాట. ప్రాజెక్టు పోయిందని నాకు నిజంగా ఏడుపొచ్చింది. చేతులన్నీ నా తలమీదికి వచ్చాయి. ప్రార్థన ముగిశాక మేరీ ఆంటీ నెమ్మదిగా అడిగింది.

"క్రిస్మస్ డ్రామాకి పిల్లల్ని ట్రైన్ చేసేవాళ్ళు లేరమ్మా. నువ్వు చూసుకుంటావా?"

మామూలుగా అయితే ఆలోచించి చెప్తాననేదాన్ని. ముక్కు తుడుచుకుంటూ, ఒక్క క్షణం ఆగకుండా సరేనన్నాను.

సోమవారం ప్రొఫెసర్ అడిగాడు. "దిగులు వల్ల ఎవరి నిర్ణయమైనా మారిందా?"

"ఒక్కరిది మారింది సార్. నాది."

జరిగిందంతా విని, కడుపుబ్బ నవ్వి, ఇంకో నెల గడువిచ్చాడు.

కాబట్టి గొర్రెపిల్ల వేషానికి దూది అతికిస్తూ ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఒంట్లో ప్రాణమున్నంత వరకు, తలుపుకి గడియ పెట్టకుండా తెలుగువాళ్ళెవరినీ ఏడిపించను.