గుండు వీరురాలు

"అమ్మా, ఇందులో లేని కొత్త పాత్రను మనమే తయారు చేసుకోవచ్చంట, చెప్పు" అంటూ మా అమ్మాయి ఆటపెట్టె తెరిచింది. మంత్రగాడు, విలుకాడు, నడుము దాకా జుట్టున్న రాణి. నాకు చంద్రగిరిలో మా వసారా గుర్తొచ్చింది.

చింతగింజలు ఒకవైపు అరగదీసి పాచికలు చేసుకున్న మన ఈడు వాళ్లందరికీ తెలుసు ఆ ఆటలు. నోటుపుస్తకంలో కోట గీసి, ఎవరు ఏ వీరుడో మా పెదనాయన కొడుకు రఘు చెప్పేవాడు. గింజలన్నీ నలుపు పడితే రాక్షసుడు జుట్టు పట్టి ఈడ్చుకుపోతాడు. ఆడపిల్లలం ఎప్పుడూ రాణులమే, కోటలో కూర్చోవడమే మా పని.

ఒక వేసవిలో నాకు తిరుమలలో గుండు చేయించారు. ఇంటికి రాగానే ఆటకు కూర్చున్నాను.

"గుండు రాణి యాడన్నా ఉంటాదా? నువ్వు ఆటలో లేవు పో" అని రఘు నవ్వాడు.

"నేను రాణిని కాదు, గుండు వీరురాలిని. రాక్షసుణ్ణి యాడ పట్టుకుంటాడో పట్టుకోమను, సూస్తా!"

గింజలు లాక్కుని నేనే వేశాను. ఆ రోజు కోట గెలిచింది నేనే. మర్నాడు రఘు మెల్లగా వచ్చాడు.

"ఈ పొద్దు నేను గూడా గుండు వీరుణ్ణే మే."

"కుదరదన్నా. కొండకు పోయి గుండు కొట్టించుకోని రా."

మా అమ్మాయి పెన్ను పట్టుకుని ఇంకా నా వైపే చూస్తోంది.

"రాసుకో" అన్నాను. "జుట్టుండదు. ఎవరికీ చిక్కదు."