ఇరవై ఎనిమిదో ఆకు

నా చిన్నప్పుడు మా తునికాకు కల్లంలో ఒక్క వానకు పోయినవి ఇవి. నలభై నాలుగు వరుసల ఆకు. వరుసకు రెండు వందల కట్టల చొప్పున ఎనిమిది వేల ఎనిమిది వందల కట్టలు. కట్టకు యాభై ఆకులు కాబట్టి నాలుగు లక్షల నలభై వేల ఆకులు. ఆరు రోజుల ఎండ. ఇరవై ఏడు మంది ఆ ఆరు రోజులూ తెల్లవారకముందే లేచి అడవికి నడిచిన నడక. ఒక గొడుగు, గాలికి ఎగిరిపోయి మళ్లీ దొరకలేదు. మరుసటి ఏడు మా ఊళ్లో పడవలసిన కల్లం. చివరగా, ఒక మనిషి కొలువు. ఈ చివరిదాన్ని మిగతావాటితో కలిపి కూడకూడదని అప్పటికి నాకు తెలియదు.

మాది మరైగూడకు నడిచి వెళ్లగలిగిన దూరంలో ఉన్న చిన్న పల్లె. ఇంట్లో తెలుగు, పక్క గుంపులో దోర్లీ, బడిలో హిందీ. ఎండాకాలం వస్తే ఊరంతా బీడీలకు వాడే తునికాకు కోతకు పోయేది. పొద్దున కోసిన ఆకును మధ్యాహ్నం నీడన కూర్చుని యాభై యాభైగా నారతో కట్టి కల్లానికి తెచ్చేవారు. మున్షీ లెక్క చూసుకున్నాక కట్టలను నేల మీద వరుసలుగా ఎండబెట్టేవారు. లెక్కలో పడ్డాక ఆ ఆకు మాది కాదు, గుత్తకు తీసుకున్న ఠేకేదారుది. అయినా మబ్బు పట్టిందంటే ఆకు ఎవరిదని ఎవరూ అడిగేవారు కాదు. మా పెద్దమ్మ కొంగు నడుముకు దోపి లేచేది. ఆమె వెనక కల్లమంతా లేచేది. అరగంటలో కట్టలన్నీ పాకలో ఉండేవి. ఆ పని ఎవరికీ అప్పగించింది కాదు. బహుశా అందుకే అది అంత బాగా జరిగేది.

మా మున్షీ జగదల్‌పూర్ అవతలి మనిషి. ఆయనవి హిందీ, హల్బీ. మాతో మాత్రం తెలుగులోనే మాట్లాడాలని పట్టుదల. చాలా మాటలు నేర్చారు గానీ ఒక్కటి మాత్రం ఆయనకు ఎప్పటికీ పట్టుబడలేదు. మనకు ‘మనం’ వేరు, ‘మేము’ వేరు. మనం అంటే వినేవాళ్లు కూడా లోపలే ఉంటారు. మేము అంటే వాళ్లు బయట ఉండిపోతారు. దోర్లీలోనూ ఈ తేడా ఉంది. హిందీలో రెంటికీ కలిపి ‘హమ్’ ఒక్కటే. ఆయన ఎక్కడ ‘హమ్’ అనుకున్నా నోటి వెంట ‘మేము’ అనే వచ్చేది. మధ్యాహ్నం డబ్బా తెరిచి, అందరినీ ఎంతో ప్రేమగా పిలిచేవారు.

“రండి, రండి. మేము తినాలె!”

“తినుండ్రి సార్. మేము చూస్తం,” అనేవారు ఆడవాళ్లు. అందరూ నవ్వేవారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆయన కూడా నవ్వేవారు. ఆయన మాట అందరికీ అర్థమయ్యేది. అర్థం కాకపోతే అందులో నవ్వడానికి ఏముంది?

నాకు అప్పుడు పదేళ్లు. బడిలో హిందీ వచ్చింది కాబట్టి ఆయన మాట తడబడినప్పుడు నావైపు తిరిగి “బిటియా, చెప్పు” అనేవారు. నేను చెప్పేదాన్ని. ఆయనకు నా ఈడు కూతురు ఉందట. కట్టలు ఒక్కొక్కటిగా లెక్కపెడుతున్న నన్ను చూసి ఒకరోజు నా చేయి పట్టుకుని కల్లం చివరికి తీసుకెళ్లి, వరుసలు మాత్రమే లెక్కపెట్టి రెండు వందలతో హెచ్చించమన్నారు. అంతవరకు లెక్క అంటే వేలితో తాకుతూ పోవడమే అనుకున్నాను. దూరంగా నిలబడి కూడా లెక్క చెప్పవచ్చని ఆ రోజు తెలిసింది. నేను పెద్ద చదువులు చదవలేదు. ఇవాళ నాకు వచ్చిన లెక్కలకు మొదలు అదే.

ఆ వాన రోజు పొద్దున మా అమ్మ తెచ్చిన కట్టల్లో ఒకటి ఆయన చేతికి పలచగా తగిలింది. నా చేతిలో పెట్టి లెక్కపెట్టమన్నారు. లెక్కపెట్టాను. నలభై ఏడు. ఉన్నది ఉన్నట్టు పైకి చెప్పాను. ఇంకోటి ఇచ్చారు. నలభై ఎనిమిది. అలా పదకొండు కట్టలు పక్కన పడ్డాయి. కట్టలో రెండు మూడు ఆకులు తగ్గడం కల్లంలో అందరికీ తెలిసిన సంగతే. ఎవరూ పైకి అనని సంగతి కూడా. దాన్ని నేను అందరి ముందూ అంకెల్లో చెప్పేశాను. అమ్మ ఆ పదకొండూ ఏరుకుంటూ, “తల్లి కట్టలు పట్టియ్యనీకేనానే నువ్వు లెక్కలు నేర్సింది?” అంది. అందరి చేతులూ వాళ్ల వాళ్ల కట్టల మీదే ఉన్నాయి. ఆ పొద్దు మున్షీ మీద నాకు కోపం వచ్చింది. నా మీద నాకు రావలసిన కోపం కూడా ఆయన మీదకే పోయింది.

మధ్యాహ్నం శబరి నది వైపు నుంచి మబ్బు లేచింది. పెద్దమ్మ ఆ రోజు ఊళ్లో లేదు, కూతురి కానుపుకని ముందురోజే కొంటాకు వెళ్లింది. ఇప్పచెట్టు నీడలో ఇరవై ఏడు మంది కట్టలు కడుతున్నారు. నాతో ఇరవై ఎనిమిది. మున్షీ పాకలోంచి పరుగున వచ్చారు.

“పానీ వస్తుంది! మేము ఎత్తాలె! జల్దీ, మేము ఎత్తాలె!”

ఎవరూ లేవలేదు. వెనకనుంచి ఎవరో, “ఎత్తుండ్రి సార్. మేము చూస్తం,” అన్నారు. రోజూ నవ్వే నవ్వే వచ్చింది. కానీ తొందరగా ఆగిపోయింది. ఆగాక ఒక్కరు లేచినా అందరూ లేచేవారు. ఆ ఒక్కరు తామెందుకు కావాలని ప్రతివారూ పక్కవారిని చూశారు. ఆయన నావైపు తిరిగారు. “బిటియా, చెప్పు.”

చెప్పవలసింది ఒక్క మాట. ‘మనం’ అంటే చాలు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ తల ఎత్తకుండా నార ముడి వేస్తోంది. నేనూ తల వంచుకుని ఒళ్లో ఉన్న ఆకులు లెక్కపెట్టసాగాను.

ఆయన ఒక్కరే గంపతో పదహారు సార్లు పాకకూ కల్లానికీ మధ్య పరుగెత్తారు. పదిహేడోసారి బురదలో కాలు జారి పడ్డారు. అప్పుడు ఎవరూ నవ్వలేదు, ఎవరూ లేవలేదు. నలభై ఆరు వరుసల్లో రెండు దక్కాయి.

మర్నాడు పొద్దున ఠేకేదారు మనిషి మోటారుసైకిల్ మీద వచ్చాడు. నల్లబడి నేలకు అతుక్కుపోయిన ఆకును చెప్పుకాలితో కదిపి చూసి, “ఏందిది? మున్షీ మీతోని ఏమన్నడు?” అని అడిగాడు. అందరూ ఒకే మాట చెప్పారు. “మేము ఎత్తాలె అన్నడు సార్. ఆయన మనుషుల్ని పిలిపిచ్చుకుంటడేమో అనుకున్నం.” ముందుగా ఎవరూ ఎవరితోనూ కూడబలుక్కోలేదు. నేను అక్కడే ఉన్నాను కాబట్టి గట్టిగా చెప్పగలను. అయినా ఇరవై ఏడు నోళ్లలోనూ ఒకటే మాట వచ్చింది.

తర్వాత అతను నన్ను పిలిచాడు. “పిల్లా, నీకు ఆయన మాట తెలుస్తదంట గదా. ఏమన్నడో ఉన్నదున్నట్టు చెప్పు.”

“మేము ఎత్తాలె అన్నరు,” అన్నాను.

అక్షరం తేడా లేదు. నా జీవితంలో నేను చెప్పిన అతి పెద్ద అబద్ధం అదే. మున్షీ నా పక్కకు వచ్చి మెల్లగా హిందీలో అడిగారు, ‘హమ్’ అంటే ‘మేము’ కాదా అని. నిజంగా తెలియక అడిగారు. నేను నేల చూశాను. మర్నాటి పొద్దుటి బస్సుకు వెళ్లిపొమ్మని, తన చేతిలోని లెక్కల బహీ అప్పజెప్పమని ఠేకేదారు మనిషి ఆయనతో చెప్పి వెళ్లాడు.

ఆ సాయంత్రం పెద్దమ్మ వచ్చింది. జరిగింది విని ఎవరినీ ఏమీ అనలేదు. ఆమె తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. అందరినీ కల్లం పాక ముందు కూర్చోబెట్టి, లోపల గోనెపట్టా అడ్డం కట్టి, దాని వెనక ఒక ఖాళీ కుండ పెట్టింది. తడిసి నల్లబడిన ఆకులు తలా ఒకటి చేతికిచ్చింది.

“పేరు అడగను, మొఖం చూడను,” అంది. “ఆయన మేము అన్నప్పుడు మనం అని సమజైనోళ్లు ఆకు కుండల వెయ్యండి. కానోళ్లు బొడ్లె దోపుకొని వచ్చెయ్యండి. ఇరవై ఎనిమిదీ పడితే రేపు బస్సు రాకముందే అందరం పోయి ఆ ఠేకేదారు మనిషికి తప్పు మాదని చెప్దాం. ఒక్కటి తగ్గినా పోయి లాభం లేదు. తెల్వదన్న ఆ ఒక్కరి మాటే ఆ మనిషి పట్టుకుంటడు.”

ఒక్కొక్కరే వెళ్లి వచ్చారు. ఎవరి ముఖమూ ఏమీ చెప్పలేదు. అమ్మ వెళ్లి వచ్చింది. అందరి తర్వాత నేను వెళ్లాను.

పట్టా వెనక నిలబడి నేను ఏమనుకున్నానో ఇప్పటికీ వరుసగా చెప్పగలను. మొదట, ఇది కల్లంలో పని చేసేవాళ్ల లెక్క, నేను లెక్కపెట్టేదాన్ని మాత్రమే కదా అనుకున్నాను. తర్వాత, నా ఆకు పడితే ఠేకేదారు మనిషికి నేను చెప్పింది అబద్ధమని తేలుతుందనుకున్నాను. ఆఖరున, ఎలాగూ చాలామంది వేసి ఉండరు, నాది ఒక్కటి తగ్గితే ఏమవుతుందిలే అనుకున్నాను. ఇప్పచెట్టు కింద మబ్బును చూస్తూ ఇరవై ఎనిమిది మందీ అనుకున్నది కూడా సరిగ్గా ఇదే. ఆకును లంగా బొడ్డులో దోపుకుని బయటికి వచ్చాను.

కుండ తెచ్చి నా ముందే బోర్లించింది పెద్దమ్మ. లెక్కపెట్టమంది. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. ఇరవై ఏడు.

అంటే మిగతా అందరూ వేశారు. మా అమ్మ కూడా.

పెద్దమ్మ ఆ ఆకులను ఏరి ఒళ్లో వేసుకుంది. ముందుగా ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. “చూసినవా అక్కా? ఒక్కరికన్న సమజ్ కాలే. ఆయన సరిగ చెప్పకనే గదా!” ఆ మాట పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు లేచి ఇళ్లకు పోయారు. ఆ వారంలో బోరింగు దగ్గరా, దారిలోనూ, ఆ అర్థం కాని ఒక్కరూ తామేనని నా చెవిన పడేలా అన్నవాళ్లు పందొమ్మిది మంది. ఆ పందొమ్మిదిలో మా అమ్మ ఉంది. నేను దాచుకున్న ఒక్క ఆకు కింద అంతమంది తలదాచుకున్నారు.

ఆ మర్నాడు పొద్దున పెద్దమ్మ ఒక్కతే వెళ్లి ఠేకేదారు మనిషితో మాట్లాడింది. ఆ రోజు నువ్వు కల్లంలో లేవు గదా అని అతను తీసిపారేశాడు. నేను దూరంగా రోడ్డు దగ్గర నిలబడ్డాను. బస్సు ఎక్కుతూ మున్షీ నన్ను చూసి చేయి ఎత్తారు.

“బిటియా, మేము పోతున్నాము.”

ఆయన ఆ మాటను సరిగ్గా వాడటం నేను విన్నది అదొక్కసారే.

ఇప్పుడు నేను పక్క ఊరి కల్లంలో లెక్క చూస్తాను. మబ్బు పడితే అందరూ రండని పిలవను, దగ్గరున్న ఒక్కరిని పేరు పెట్టి పిలుస్తాను. ఆ ఒక్కరు లేస్తే చాలు. నలుగురు కలిసి పని చేసే చోట ఎవరూ నోరు విప్పకపోతే, ఎవరికీ తెలియదని నేను అనుకోను. ఎంతమందికి తెలిసి ఉంటుందా అని చూస్తాను. అప్పుడు కూడా నన్ను నేను మొదట లెక్కపెట్టుకుంటాను. ఇది మంచితనం కాదు, భయం.

పెద్దమ్మ నన్ను ఎప్పుడూ అడగలేదు. ఆ ఇరవై ఏడు ఆకులనూ నారతో కట్టి ఇంటి చూరులో గుచ్చింది. యాభై లేని కట్టను ఆమె దాచుకోవడం నేను చూసింది అదొక్కటే. ఆమె పోయాక దాన్ని నేను తెచ్చుకున్నాను. విప్పితే పొడి అవుతుంది కాబట్టి విప్పను. ప్రతి ఎండాకాలం అడవి నిండా ఆకు చిగురిస్తుంది, ఒకటి తెంపి అందులో పెట్టడం ఎంతసేపు! కానీ ఇప్పుడు పెడితే అది వేరే లెక్క అవుతుంది. ఆ సాయంత్రం కుండలో పడవలసినవి ఇరవై ఎనిమిది. పడినవి ఇరవై ఏడు. బాకీ ఒకటి.